కాచుకునే గడువు

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేకపోయింది. తూర్పున కాస్త తెరిపి ఇచ్చి, వెలుగు కొండ మీదికి జారగానే మళ్ళీ మబ్బును లాక్కుని కప్పుకుంది. ఆసుపత్రికి ఎక్కే మలుపుల్లో అక్క కారు కిటికీలోంచి దాన్నే చూస్తూ, "వానొస్తే బస్సులన్నీ ఆలస్యమే. పాపం, నా బదులు కూర్చున్న కొత్తపిల్ల చెప్పలేక చెప్పలేక గొంతు ఎండిపోతుంది" అంది. కోత తన గొంతుకు, బెంగ ఇంకొకరి గొంతు మీద. తమ్ముడికి ఈ మాట తోచింది గాని పైకి అనలేదు. అతను పైకి అనేవి తక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. మాట నోటిదాకా వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి రానా వద్దా అని గుమ్మంలో నిలబడి, చివరికి వెనక్కి తిరిగి పోయేది.

ఇప్పుడు అక్క లోపలికి వెళ్ళింది. రెండు రెక్కల తలుపు, మధ్యలో రబ్బరు పట్టీ. మూసుకున్నప్పుడు చప్పుడు రాలేదు, పెదవులు బిగించుకున్నట్టు కలిసిపోయింది, అంతే. బయట వరండాలో ఇనుప బెంచీ, గోడకు లేత పచ్చ రంగు, నడుం ఎత్తున మనుషులు ఆనుకుని ఆనుకుని నూనె మరక పట్టిన ఒక గీత. ఎంతమంది ఇక్కడ కాచుకుంటే గోడకు అంత గీత పడుతుందో అని చూస్తూ కూర్చున్నాడు. పక్కన బావ. బావ బస్సు నడుపుతాడు, కూర్చున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే ఉంటుంది, అదిగో, నేలను నొక్కుతూ ఉంది. బస్ స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరంతటికీ చెప్పే ఆవిడను పెళ్ళి చేసుకున్నాడు. "ఏం చెప్పమంటావు బామ్మర్దీ, రోజుకు అన్ని బస్సులు ఆలస్యంగా వస్తాయా, నా బస్సు వచ్చినప్పుడే మీ అక్క గొంతు ఖంగుమని లేచేది. అడిగితే, నిజం చెప్పడం నా ఉద్యోగం అనేది. ఆ గొంతును తిట్టుకుంటూనే పోయి పెళ్ళి సంబంధం అడిగాను" అంటాడు ఎప్పుడూ. ఇవాళ కూడా అదే మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. గొంతు అనే మాట దగ్గర ఆగిపోయాడు.

కోసే డాక్టరమ్మ పొద్దున ముగ్గురినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మెడలోని థైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉన్నవైపు సగం తీస్తారు. తీసిన ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించి, పొరలా కోసి, గాజు పలక మీద పెట్టి, దాని బొమ్మను కింద పట్నంలో ఉన్న పెద్దాసుపత్రికి కంప్యూటర్లో పంపుతారు. ముక్కలు చూసి చెప్పే పెద్ద డాక్టరు అక్కడ ఉన్నాడు, ఈ కొండ మీద అలాంటివాళ్ళు లేరు. ఆయన మంచిదే అంటే కుట్టేస్తారు. చెడ్డదంటే రెండో సగం కూడా తీసెయ్యాలి. రెండువైపులా చెయ్యి పెడితే గొంతు నరాలు రెండింటికీ గండమే. "బొమ్మ పోకపోతేనో?" అని బావ అడిగాడు. "ఎందుకు పోదండీ, పోతుంది. ఒకవేళ పోకపోతే నేను మొత్తం తీసేస్తాను. ఆ గడ్డ వాలకం నాకు నచ్చలేదు. అనుమానం పెట్టుకుని కుట్టి, మళ్ళీ కొయ్యలేను" అంది డాక్టరమ్మ. అక్క తల ఊపింది. తమ్ముడు కూడా ఊపాడు. బొమ్మ పోతుందా పోదా అనే ప్రశ్న అప్పటికి అతనికి అక్కరలేదు, ఎందుకంటే ఆ బొమ్మలు పోయే లైను ఎలా ఉందో అతనికి తన అరచేయి అంత తెలుసు. ఆ లైనును కాపాడడమే అతని ఉద్యోగం. పెద్దాసుపత్రిలో, దాని కింద ఉన్న ఈ కొండ ఆసుపత్రి లాంటి వాటిలో, ప్రతి బల్ల మీదా ఉన్న కంప్యూటర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి ఎలా చేరాలో నిర్ణయించేది అతనే. ఇవాళ మాత్రం సెలవు. "కంప్యూటర్ ముట్టుకున్నావంటే మత్తులోంచి లేచొచ్చి కొడతానురా" అంది అక్క. సరే అన్నాడు.

బల్ల దగ్గరి నర్సు కుర్చీ జరుపుకుంది. ఆవిడ కంప్యూటర్ మొహం ఇటు తిరిగింది. కింది మూలన నీలంరంగు పెట్టె ఒకటి వెలిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది, దయచేసి కంప్యూటర్ ఆపవద్దు. దయచేసి అన్న మాట చేర్చింది తమ్ముడే. మాటల్లో పొదుపు గలవాడు, అక్కడ మాత్రం ఒక మాట ఎక్కువ రాశాడు. దాన్ని చూసి ముందు ముచ్చటపడ్డాడు, బడిలో పిల్లవాడు తన గీత గోడ మీద చూసుకున్నట్టు. ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఇవాళ. అవును, ఈ పెద్ద సాఫ్ట్‌వేర్ అన్ని ఆసుపత్రులకూ పోవాల్సింది ఇవాళ పొద్దున్నే. ఎప్పుడో పెట్టిన ముహూర్తం. అక్క ఆపరేషన్ వచ్చేవారం అనుకున్నది ముందుకు జరిగి దీని మీదికి వచ్చి పడింది. పడనీ, అందులో తప్పేముంది, దాని దారి దానిది, ఈ భవనానికి కావలసింది ఈ భవనంలోనే ఉంది కదా, కింద సెల్లార్‌లో సర్వర్ ఉంది కదా, అని సర్దుకోబోయాడు. సెల్లార్ అన్న మాట దగ్గరే, పొద్దున వస్తూ చూసిన, మెట్ల కింద కట్టిన పసుపు తాడు కళ్ళ ముందు కదిలింది, దాని అవతల వైరు చుట్టలు మోస్తున్న ఇద్దరు, వాళ్ళలో ఒకడు మరొకడితో అన్న మాట. కిందంతా కరెంటు తీసేశాంలే, మధ్యాహ్నం దాకా ఇంతే. అప్పుడు ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి పోలేదు. అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాడు మరి. ఇప్పుడు పోయింది.

సెల్లార్‌లో సర్వర్ లేదు. అంటే ఉంది, నిద్రపోతోంది. ఇప్పుడు ఈ భవనంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఏం చేస్తాయి? అతనికి వాటి మనసు తెలుసు. మందల మనసు తెలిసినట్టు తెలుసు, అతను పుట్టిన ఇంట్లో గొర్రెలు ఉండేవి. కంప్యూటర్ లేవగానే తన చిరునామా చూసుకుంటుంది. నేను ఏ గుంపులోదాన్ని అని పెద్ద సర్వర్‌ను అడుగుతుంది. పెద్ద సర్వర్ చెబుతుంది, నీది కొండ గుంపు, నీకు కావలసిన సరుకు ఫలానా చోట ఉంది. తన పక్క చిరునామాలో ఉన్న సర్వర్ ముందు, అదే ఆవరణలో ఉన్నది తర్వాత. అక్కడికి పోయి తలుపు కొడుతుంది. తలుపు తియ్యకపోతే మళ్ళీ కొడుతుంది. ఎంతసేపు? ఆ ఎంతసేపు అన్నది తమ్ముడు పెట్టాలి. ఆ గడువు దాకా గుమ్మంలోనే కాచుకుంటుంది, గడువు దాటితే పక్క గుంపు సర్వర్ దగ్గరికి పోతుంది. కొండ గుంపుకు పక్క గుంపు అంటే పట్నంలోని పెద్దాసుపత్రి. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క సన్నటి లైను. ఒక గొర్రె పట్టే గండిలోంచి మందంతా ఒకేసారి పోబోయినట్టు, వార్డుల్లోవీ, మందుల గదిలోవీ, వంటింటి లెక్కలవీ, నూటికి పైగా కంప్యూటర్లు ఆ లైనులో పడి అంతంత బరువు లాగడం మొదలుపెడితే, అక్క మెడలోంచి తీసిన ముక్క బొమ్మ ఆ మంద వెనకాల నిలబడి ఉంటుంది. డాక్టరమ్మ ఎంతసేపు చూస్తుంది? అక్క బల్ల మీద ఉంది. తెరిచి ఉంది. డాక్టరమ్మకు కూడా ఒక గడువు ఉంటుంది. అది దాటితే ఆవిడ కత్తి రెండోవైపు పోతుంది.

కాచుకునే గడువు ఎంత పెట్టాడు? బారెడు పెట్టాడు. ఒక పూటంతా. అందరూ నవ్వారు. మామూలుగా గంటో రెండు గంటలో పెడతారు, ఇదేంటి పెళ్ళికూతురి కోసం కాచుకున్నట్టు అన్నారు. ఎందుకు అంత పెట్టాడో వాళ్ళకు చెప్పలేదు, చెబితే ఇంకా నవ్వేవాళ్ళు. అది అక్క పెట్టిన గడువు. అమ్మా నాన్నా మందతో పోతే అక్కే బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. "నేను వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడు. ఎవరు పిలిచినా పోకు. మలుపులో దీపం వెలిగినా నేను రాకపోతే అప్పుడు కుట్టుమిషను పిన్ని ఇంటికి పో. అంతకు ముందు కదిలావో, చూడు." అంత స్పష్టంగా చెప్పేది, అప్పటికే మైకు ముందు కూర్చున్నట్టు. ఒకరోజు ఎంతకీ రాలేదు. అందరూ పోయారు, బడి గేటుకు తాళం పడింది, పిన్ని తన గుమ్మంలోంచి చెయ్యి ఊపి రమ్మంది, ఇతను కదల్లేదు. దీపం వెలగలేదు మరి. ఆ రోజు దీపం పాడైపోయిందని ఎవరికి తెలుసు. వానలో తడిసి ముద్దై నిలబడ్డాడు. అక్క పరుగెత్తుకుంటూ వచ్చి, ముందు కొట్టి, తర్వాత తన పైట చెంగుతో తల తుడిచి, "మొద్దు వెధవా, పిన్ని ఇంటికి పోవద్దూ" అంది. దీపం వెలగలేదక్కా అన్నాడు. అక్క దీపం వైపు చూసింది, ఇతని వైపు చూసింది, నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆ నవ్వు. గేటు ఇనుపకమ్మీలు మోగిన నవ్వు. అది గొంతులోంచే కదా వస్తుంది.

అందుకే అంత గడువు పెట్టాడు. దగ్గరివాళ్ళు ఏదో పని మీద ఆలస్యమైతే దూరం పరుగెత్తకూడదు, కాచుకోవాలి. కానీ పోయిన నెల అతని పై అధికారి, మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ గడియారం వైపే చూస్తాడు కాబట్టి అందరూ గడియారం అని పిలిచే మనిషి, పిలిచి చెప్పాడు. "కొండ మీదివాళ్ళు గోల పెడుతున్నారయ్యా. వాళ్ళ సర్వర్ మొరాయిస్తే పూటంతా కాచుకోవాల్సి వస్తోందట. ఆ గడువు తగ్గించు. పావుగంట చాలు. తగ్గిస్తావా?" తమ్ముడు సరే అన్నాడు.

సరే అన్నాడు. తగ్గించాడా?

అక్కడ ఆగింది బండి. సరే అన్నది గుర్తుంది, గడియారం మొహం గుర్తుంది, తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నది గుర్తుంది. ఆ తర్వాత చెయ్యి ఏం చేసింది? అతని సరేల్లో రెండు రకాలు ఉన్నాయి. చేస్తాను అనే సరే ఒకటి, ఇక మాటలు ఆపుదాం అనే సరే ఒకటి. రెండూ ఒకే గొంతుతో వస్తాయి. ఇంట్లో అతని భార్య ఎన్నిసార్లు నిలదీసింది, "ఏ సరే అండీ ఇది, ముందే చెప్పండి, నేను పాలు పొయ్యి మీద పెట్టాలా వద్దా?" అని. ఇప్పుడు అతనే తనను నిలదీసుకుంటున్నాడు. ఏ సరే అది? గడియారానికి ఫోను చేద్దామా? ఫోన్లు కింద మెట్ల దగ్గర పెట్టెలో పెట్టించారు, ఈ అంతస్తులోకి తేనివ్వరు. కిందికి పోయి తెచ్చుకున్నా ఏమని అడగాలి? మీరు చెయ్యమన్న పని నేను చేశానా అని మిమ్మల్నే అడగనా? పైగా ఒకవేళ తగ్గించి ఉంటే పావుగంట ఎప్పుడో దాటింది, మంద గండిలో పడింది, ఇక ఎవరికి చెప్పి ఏం లాభం. తలుపు మీది ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లోపల ముక్క తీశారో లేదో. గోడ గీత. బావ కాలు. బస్ స్టాండులో రికార్డు గొంతు పెడతామన్నప్పుడు అక్క ఏమంది, రికార్డుకు దగ్గు రాదు, తుమ్ము రాదు, ఏడ్చే పిల్లను తీసుకొచ్చి మైకు దగ్గర నిలబెట్టి ఈ పిల్ల ఎవరిదమ్మా రండి అని పిలవడమూ రాదు అంది. ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది. అడగాలి. మాట మళ్ళీ గుమ్మంలో నిలబడింది. ఈసారి వెనక్కి పోనివ్వకూడదు.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మీ కంప్యూటర్ ఒక్కసారి చూడనిస్తారా?"

నర్సు కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఎందుకండీ?"

"అది దేనికోసమో కాచుకుంటోంది. దేనికోసమో చూడాలి."

"అది ఎప్పుడూ కాచుకుంటూనే ఉంటుంది. మేమేమో దాని కోసం కాచుకుంటూ ఉంటాం. మీరు వెళ్ళి కూర్చోండి, పిలుస్తాం."

బావ అప్పటికే వెనకాల నిలబడి ఉన్నాడు. "అమ్మా, వీడు నా బామ్మర్ది. మనుషులకు డాక్టర్లెలాగో కంప్యూటర్లకు వీడలాగ. మీ పెద్దాసుపత్రివాడే. ఒరే, నీ కార్డు చూపించు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం?"

కార్డు చూపించాడు. నర్సు దాన్ని రెండుసార్లు చదివింది. "ఓహో. కొత్త సాఫ్ట్‌వేర్ అంటూ ఆ నీలంపెట్టె పంపేది మీరా? మిమ్మల్ని తలుచుకోని రోజు లేదండీ ఈ అంతస్తులో."

"మంచిగానా?" అన్నాడు బావ.

"ఆ మాట అడక్కండి" అని నర్సు లేచి కుర్చీ ఇచ్చింది. "ఒక్క నిమిషం. రోగుల వివరాలేవీ తెరవకూడదు సుమా."

సరే అన్నాడు. ఇది మొదటి రకం సరే. కంప్యూటర్ తను చేసే ప్రతి పనినీ ఒక మూల వరుసగా రాసుకుంటుంది, అది ఎక్కడ ఉంటుందో చేతికి తెలుసు. తెరిచి చివరికి జారాడు. నా గుంపు కొండ. నా సర్వర్ సెల్లార్. అడిగాను, పలకలేదు. మళ్ళీ అడిగాను, పలకలేదు. మళ్ళీ. మళ్ళీ. ఒక వరుస కింద ఒక వరుస, అదే మాట, తెల్లవారినప్పటి నుంచి. పావుగంట ఎప్పుడో దాటిపోయింది, అయినా ఒక్క వరుసలో కూడా పట్నం సర్వర్ పేరు లేదు. పక్క గుంపుకు పోవడానికి పూటలో ఇంకా చాలా మిగిలి ఉంది. అతను తగ్గించలేదు. పని చెయ్యని సరే అది, మాటలు ఆపే సరే. ఈ భవనంలో ఉన్న కంప్యూటర్లన్నీ గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు, ఎవరు చెయ్యి ఊపినా పోలేదు. లైను ఖాళీగా ఉంది. నున్నగా, ఊడ్చిన వాకిలిలా ఉంది. అక్క ముక్క బొమ్మ ఒక్కటే దాని మీద నడిచి పోవచ్చు.

కుర్చీలోంచి లేవలేకపోయాడు కాసేపు. ఛాతీలో ఎవరో బిగించి కట్టిన తాడు ముడి విప్పినట్టు, వదులై, గాలి లోపలిదాకా పోయింది. ఈ మాత్రం గాలి ఈ వరండాలో ఉందని ఇంతసేపూ తెలియలేదు.

"ఏమైందిరా? దేనికోసం కాచుకుంటోంది?" అన్నాడు బావ.

"సెల్లార్‌లో కరెంటు కోసం బావా."

"వస్తుందా మరి?"

"నిదానంగా వచ్చినా పరవాలేదు."

"దీనికా ఇంత చెమట!" అని బావ తన రుమాలు తీసి ఇచ్చాడు. ఆ రుమాలుకు డీజిలు వాసన ఉంది, అక్క వాడే సబ్బు వాసన ఉంది. దానితో మొహం తుడుచుకుని మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు కాచుకోవడం వేరుగా ఉంది. ఇంకా తెలియనిది చాలా ఉంది, ముక్క మంచిదో చెడ్డదో తెలియదు, అది అతని చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు, ఎప్పుడో అక్క మెడలో రాసి పెట్టి ఉంది, పట్నంలో ఒకాయన ఇప్పుడు దాన్ని చదువుతాడు. చదవడానికి దారి ఉంది. అది చాలు. కిటికీలోంచి చూస్తే మబ్బు ఇంకా తేల్చుకోలేదు. కింద ఆవరణలో వైర్ల వాళ్ళ బండి పక్కన ఒకడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు, తాగి, గ్లాసు అడుగున ఏముందో చూసి, మిగిలింది చెట్టు మొదట్లో పోశాడు. నువ్వు ఎంతసేపు తాగినా సరేనయ్యా అనుకున్నాడు తమ్ముడు. ఈ సరేకు పేరు లేదు, ఇది మూడో రకం కాబోలు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ టోపీ తియ్యకుండానే వచ్చింది, నుదుటి మీద టోపీ అంచు గీత పడి ఉంది. ఇద్దరూ లేచారు. "మంచిదేనండీ" అందావిడ. "బొమ్మ ఇలా పంపితే అలా జవాబు వచ్చింది, ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదు, ఇవాళ లైను ఎవరో కడిగి పెట్టినట్టుంది. రెండోవైపు ముట్టుకోలేదు. కుట్టేశాం. లేవగానే మాట్లాడించి చూశాను కూడా, గొంతు బాగుంది."

"ఏమంది?" అన్నాడు బావ.

"మా ఆయన తిన్నాడా అంది."

బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ నూనె గీతకు నుదురు ఆనించాడు. తమ్ముడు అతని వీపు మీద చెయ్యి వేశాడు, వేసి తియ్యలేదు.

సాయంత్రం అక్కను గదిలోకి తెచ్చారు. మెడకు తెల్లటి కట్టు, దాని పైన మొహం కాస్త వాచి, కళ్ళు మాత్రం ఎప్పటివే. రేపటి దాకా మాట్లాడొద్దని నర్సు గట్టిగా చెప్పి పోయింది. బావ రొట్టె, ఉడికించిన గుడ్లు తెచ్చాడు, అక్కకు ఆసుపత్రివాళ్ళు పల్చటి జావ ఇచ్చారు. బావ నోరు తెరిచాడు ఏదో చెప్పడానికి, లైను సంగతి కావచ్చు, బామ్మర్ది చెమట సంగతి కావచ్చు. అక్క వైపు చూసి, ఆవిడ జవాబు చెప్పకూడదని గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు. గుడ్డు పెంకు ఒలిచి తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు దాన్ని రెండుగా చీల్చి ఒక సగం తిరిగి ఇచ్చాడు. అక్క చెంచాతో కొంచెం కొంచెం జావ తాగుతూ, మింగినప్పుడల్లా కాస్త ముఖం చిట్లించి, మళ్ళీ ఇంకో చెంచా తీసుకుంటూ, ఇద్దరూ తింటున్నారో లేదో ఒక్కొక్కరినే చూసింది. ముగ్గురూ మాటా పలుకూ లేకుండా, ఆకలిగా, పూర్తిగా తిన్నారు.